అమెరికా అడ్మిషన్లలో లెగసీ: అప్లికేషన్లు దగ్గరుండి నింపించిన నా అనుభవం

అమెరికాలో పన్నెండో తరగతికి వచ్చిన పిల్లలున్న తెలుగు ఇళ్ళలో ఆగస్టు నుంచి జనవరి దాకా మాటలన్నీ అప్లికేషన్ల చుట్టూనే తిరుగుతాయి. ఎస్ఏటీ స్కోరు గురించి మాట్లాడుకుంటారు, జీపీఏ గురించి, వ్యాసాల గురించి మాట్లాడుకుంటారు. ‘లెగసీ’ ఊసు మాత్రం చాలా ఆలస్యంగా, తరచూ డిసెంబరులో మొదటి ఫలితాలు వచ్చాక వస్తుంది. మా పిల్లల అప్లికేషన్లు, తర్వాత తెలిసినవాళ్ళ పిల్లలవీ దగ్గరుండి నింపించాక నాకు బోధపడింది ఏమిటంటే, దాన్ని జులైలోనే, కాలేజీల జాబితా రాసుకునేటప్పుడే చూసుకోవాలి. అది అన్ని కాలేజీల్లో లేదు. ఉన్నచోట కూడా ఒక్కో కాలేజీ ఒక్కో అర్థంలో వాడుతుంది. ఎక్కడ ఉందో ఎక్కడ లేదో ముందే కనుక్కోవడానికి దారి ఉంది.

లెగసీ అంటే ఇదీ: అప్లై చేస్తున్న పిల్లల తల్లో తండ్రో అదే కాలేజీలో చదివి ఉంటే, ఫైలు చదివేవాళ్ళు దాన్ని అనుకూలాంశంగా లెక్కలోకి తీసుకుంటారు. సీటు ఖాయమని కాదు. మిగతావన్నీ సమానంగా ఉన్నప్పుడు కాస్త మొగ్గు చూపిస్తామని కాలేజీలు చెబుతాయి. ఆ మొగ్గు ఎంతో చెప్పవు. ఎంసెట్ ర్యాంకులు, కౌన్సెలింగ్ తేదీలు చూసుకుంటూ పెరిగిన మన తరానికి ఇది మింగుడుపడదు. తెలంగాణలో ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో యాజమాన్య కోటా 30 శాతమని అందరికీ తెలుసు. ఆ కోటా నచ్చినా నచ్చకపోయినా, మిగిలిన 70 శాతం ర్యాంకు మీద నడుస్తుందన్న లెక్క చేతిలో ఉంటుంది. లెగసీకి విడిగా సీట్లంటూ లేవు. అందరి సీట్లలోంచే పోతాయి, ఎన్ని పోయాయో చాలా కాలేజీలు బయటపెట్టవు. నా అభ్యంతరం అక్కడే మొదలవుతుంది.

ముందుగా కామన్ డేటా సెట్ దగ్గరికి వద్దాం. అడ్మిషన్ల లెక్కలన్నీ ఒకే నమూనాలో ఉండే ఈ పత్రాన్ని చాలా కాలేజీలు ఏటా తమ సైటులో పెడతాయి. కాలేజీ పేరు పక్కన ‘కామన్ డేటా సెట్’ అని, విద్యా సంవత్సరం కూడా కలిపి వెతికితే పీడీఎఫ్‌గానో ఎక్సెల్‌గానో దొరుకుతుంది. సాధారణంగా ఇన్‌స్టిట్యూషనల్ రీసెర్చ్ విభాగం పేజీలో ఉంటుంది. అందులో ‘సీ’ భాగం మొదటి ఏడాది అడ్మిషన్లది. సీ7 దగ్గర ఒక పట్టిక ఉంటుంది. ఎడమవైపు కోర్సులు ఎంత కష్టమైనవి తీసుకున్నారు, జీపీఏ, క్లాసులో ర్యాంకు, పరీక్ష స్కోర్లు, వ్యాసం, సిఫారసు లేఖలు అంటూ వరుసగా అంశాలుంటాయి. కిందికి వస్తే చదువుతో సంబంధంలేని అంశాల్లో ‘అలమ్నై రిలేషన్’, అంటే పూర్వ విద్యార్థులతో బంధుత్వం, అని ఒక వరుస కనిపిస్తుంది. లెగసీ అంటే ఇదే. దానికి ఎదురుగా నాలుగు గడులు: చాలా ముఖ్యం, ముఖ్యం, పరిగణిస్తాం, పరిగణించం. టిక్కు ఏ గడిలో ఉందో రాసుకోండి.

ఇక్కడ జరిగే పొరపాట్లు రెండు. వెతికినప్పుడు పైన వచ్చే ఫైలు తరచూ నాలుగైదేళ్ళ కిందటిది అవుతుంది. 2023 తర్వాత చాలా కాలేజీలు ఈ విషయంలో విధానం మార్చుకున్నాయి కాబట్టి పాత ఫైలు చూసి నిర్ణయానికి రావద్దు. మొదటి పేజీలో సంవత్సరం చూసి, వీలైతే వరుసగా రెండేళ్ళవి పక్కపక్కన పెట్టుకోండి. రెండోది, ‘పరిగణిస్తాం’ అన్న గడిని చూసి ఇదేదో చిన్న విషయమనుకోవడం. హార్వర్డ్ టిక్కు పెట్టేది ఆ గడిలోనే. కానీ ఆ యూనివర్సిటీ మీద నడిచిన కోర్టు కేసులో బయటికొచ్చిన లెక్క ప్రకారం 2014 నుంచి 2019 దాకా పట్టా పుచ్చుకోవాల్సిన బ్యాచ్‌ల్లో లెగసీ పిల్లలకు సీటు దొరికిన రేటు సుమారు 34 శాతం. లెగసీ లేనివాళ్ళకు 6 శాతం. ఇంత పెద్ద మొగ్గయినా, చాలా చిన్న మొగ్గయినా పత్రంలో కనబడేది ‘పరిగణిస్తాం’ అన్న ఒక్క మాటే. అందుకే సీ7 పట్టికను లెగసీ ఉందా లేదా తేల్చుకోవడానికి మాత్రమే వాడాలి, ఎంత ఉందో తేల్చుకోవడానికి పనికిరాదు.

కామన్ డేటా సెట్ పెట్టని కాలేజీలకు ప్రభుత్వ సైటు కాలేజ్ నావిగేటర్ ఉంది. అమెరికా కేంద్ర విద్యాశాఖ 2022-23 నుంచి లెగసీని చూస్తారా లేదా అన్న ప్రశ్న కూడా కాలేజీలను అడుగుతోంది.

తర్వాత తేల్చుకోవాల్సింది లెగసీ కింద ఎవరిని లెక్కేస్తారన్నది. మన కుటుంబాలకు అసలు చిక్కు ఇక్కడ ఉంది. మనవాళ్ళలో చాలామంది బీటెక్ జేఎన్‌టీయూలోనో, ఉస్మానియాలోనో, ఆంధ్రా యూనివర్సిటీలోనో చేసి ఇక్కడికి ఎంఎస్‌కి వచ్చినవాళ్ళు. ‘నేను ఆ యూనివర్సిటీలోనే ఎంఎస్ చేశాను, మా అబ్బాయికి లెగసీ ఉంటుంది’ అన్న మాట ప్రతి ఏడూ వింటాను. హార్వర్డ్ లెక్కించేది డిగ్రీ కాలేజీలో, అంటే బీఏ, బీఎస్ స్థాయిలో చదివినవాళ్ళ పిల్లలను. అక్కడ మాస్టర్స్ చేసినా, ఎంబీఏ చేసినా లెగసీ రాదు. స్టాన్‌ఫర్డ్ గ్రాడ్యుయేట్ డిగ్రీలను కూడా లెక్కలోకి తీసుకుంటుంది. పెన్సిల్వేనియా యూనివర్సిటీ మనవలను కూడా కలుపుతుంది. ఒక్కో కాలేజీది ఒక్కో నిర్వచనం కాబట్టి అడ్మిషన్స్ ఆఫీసుకు ఒక ఈమెయిలు పెట్టి, ‘గ్రాడ్యుయేట్ డిగ్రీ ఉన్న తల్లిదండ్రుల పిల్లలు అలమ్నై రిలేషన్ కిందికి వస్తారా’ అని సూటిగా అడగండి. బాబాయి, మేనమామ, పెద్దమ్మ కొడుకు చదివారంటే దాదాపు ఎక్కడా లెక్కలోకి రాదు. అన్నో అక్కో అక్కడ చదువుతుంటే కొన్నిచోట్ల ఆసక్తిగా చూస్తారు గానీ దాన్ని తల్లిదండ్రుల లెగసీతో సమానంగా అనుకోవద్దు.

బీఏ, బీఎస్ స్థాయికే పరిమితమైన నిర్వచనం వలస కుటుంబాల తొలి తరాన్ని దాదాపు మొత్తంగా బయట పెడుతుంది. పద్దెనిమిదేళ్ళ వయసులో ఈ దేశంలో ఉన్నవాళ్ళకే అక్కడ బీఏ చదివే వీలుండేది. 1980లలో, 90లలో హైదరాబాదులోనో విశాఖలోనో ఇంటర్ చదువుతున్న పిల్లవాడికి ఆ దారి ఉండేది కాదు.

ఇక కామన్ యాప్, అంటే చాలా కాలేజీలకు ఒకే చోట అప్లై చేసే ఆన్‌లైన్ ఫారం. ఇది ఆగస్టు 1న తెరుచుకుంటుంది, అందులో 20 కాలేజీల దాకా పెట్టుకోవచ్చు. ‘ఫ్యామిలీ’ విభాగంలో తల్లికీ తండ్రికీ విడివిడిగా చదువు స్థాయి, ఎన్ని కాలేజీల్లో చదివారు, కాలేజీ పేరు, డిగ్రీ, అందుకున్న ఏడాది అడుగుతారు. అనుబంధ కాలేజీలో చదివితే పట్టా మీద ఉన్న యూనివర్సిటీ పేరు వెతకండి. జాబితాలో కనిపించకపోతే పేరు చేత్తో రాసే వీలుంది. ఏడాది కోసం జ్ఞాపకాన్ని నమ్ముకోకుండా ప్రొవిజనల్ సర్టిఫికెట్ తీసి చూడండి. ఈ విభాగం అన్ని కాలేజీలకూ ఒకేలా వెళుతుంది. లెగసీ చూడని కాలేజీకి కూడా ఈ సమాచారం అవసరమే, ఎందుకంటే ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్లెక్కుతున్న పిల్లలను గుర్తించేది దీన్నిబట్టే. కాబట్టి ఖాళీగా వదలొద్దు. దీనికి తోడు కొన్ని కాలేజీలు తమ సొంత ప్రశ్నల్లో, ‘మీ బంధువులు ఎవరైనా ఇక్కడ చదివారా’ అని మళ్ళీ అడుగుతాయి. అది ‘మై కాలేజెస్’ అన్న చోట ఒక్కో కాలేజీ కింద విడిగా ఉంటుంది, తొందరలో కళ్ళు దాటిపోతుంది.

తండ్రి కొన్ని వారాల ఎగ్జిక్యూటివ్ కోర్సు చేసిన యూనివర్సిటీని డిగ్రీ గడిలో రాయమని పిల్లల మీద ఒత్తిడి తెచ్చే ఇళ్ళు ఉన్నాయి. అది అబద్ధం. సబ్మిట్ చేసే ముందు, రాసినదంతా నిజమని సంతకం పెట్టేది పిల్లలే. తర్వాత బయటపడితే సీటు రద్దయ్యేదీ వాళ్ళదే.

ఇంతవరకూ పట్టికల్లో కనబడేది. అసలు ప్రభావం ఎర్లీ డెసిషన్ దగ్గర ఉంది, దాన్ని అర్థం చేసుకోకుండా లెగసీ అర్థం కాదు. ఎర్లీ డెసిషన్ అంటే ఒక్క కాలేజీకి ముందుగా, మామూలుగా నవంబరు 1కి, అప్లై చేసి, సీటు వస్తే చేరతామని పిల్లలు, తల్లిదండ్రులు, స్కూలు కౌన్సెలర్ ముగ్గురూ సంతకాలు పెట్టే ఒప్పందం. ఫలితం డిసెంబరు మధ్యలో వస్తుంది. ఈ దారిలో ఎంపిక రేటు మామూలు దారికంటే బాగా ఎక్కువ కనబడుతుంది. కామన్ డేటా సెట్‌లో సీ21 దగ్గర ఎంతమంది అప్లై చేశారో, ఎంతమందికి ఇచ్చారో ఇస్తారు. ఆ రేటు చూసి మోసపోకుండా ఉండడానికి నేను తల్లిదండ్రులకు కాగితం మీద వేసి చూపించే లెక్క ఇది. అంకెలు కల్పితమే, పద్ధతి కోసం చెబుతున్నాను.

ఒక కాలేజీకి ఎర్లీలో 3,000 అప్లికేషన్లు, 900 సీట్లు ఇచ్చారనుకోండి, 30 శాతం. మామూలు దారిలో 27,000కి 1,890, అంటే 7 శాతం. పైకి చూస్తే నాలుగు రెట్లకు పైగా లాభం. ఇప్పుడు ఎర్లీ గుంపులో లెగసీ పిల్లలు, కోచ్‌లు ముందే ఎంచుకున్న క్రీడాకారులు కలిపి 400 మంది ఉన్నారని, వాళ్ళలో 320 మందికి సీటు వచ్చిందని అనుకుందాం. వాళ్ళను పక్కన పెడితే మిగిలేది 2,600కి 580, అంటే సుమారు 22 శాతం. లెగసీ లేని, ఆటల్లో ఎంపిక కాని మీ అమ్మాయికి వర్తించే రేటు ఇది, 30 కాదు. ఎర్లీలో అప్లై చేసేవాళ్ళు సగటున బాగా సిద్ధమై ఉంటారన్నది కూడా తీసేస్తే ఇంకా తగ్గుతుంది. ఎర్లీ వల్ల ఉపయోగం లేదని కాదు, ఉంది. కానీ పట్టిక చూపించినంత లేదు.

అన్యాయం రెండింతలయ్యేది కూడా ఇక్కడే. ఎర్లీ డెసిషన్‌లో సీటొస్తే వేరే కాలేజీ ఇచ్చే ఆర్థిక సాయంతో పోల్చి చూసుకునే అవకాశం ఉండదు. ఖర్చు ఎంతైనా కట్టగలమన్న ధైర్యం ఉన్న కుటుంబమే నిశ్చింతగా సంతకం పెట్టగలదు. లెగసీ కుటుంబాల్లో అలాంటివి ఎక్కువ. హెచ్-1బీ మీద ఉన్న ఇళ్ళకు ఇంకో గోడ: తల్లిదండ్రుల వీసా మీద ఆధారపడి హెచ్-4లో ఉన్న పిల్లలకు ఫెడరల్ సాయం రాదు, ఆ సాయం కోసం నింపే ఫాఫ్సా ఫారం వాళ్ళకు పనికిరాదు. పదేళ్ళుగా ఇక్కడి బడిలో చదివినా చాలా కాలేజీలు వాళ్ళను విదేశీ విద్యార్థుల వరుసలో పెడతాయి. సాయం అడిగిన సంగతి విదేశీ విద్యార్థుల ఎంపికలో చూడని కాలేజీలు కొన్నే ఉన్నాయి: హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హర్స్ట్ వంటివి. సంతకం పెట్టేముందు సాయం పోను మీరు కట్టాల్సింది ఎంతో అంచనా చూపే నెట్ ప్రైస్ కాలిక్యులేటర్‌ను ఆ కాలేజీ సైటులో నింపి చూడండి. వీసా మీద ఉన్నవాళ్ళకు అది తప్పుడు అంకె చూపించవచ్చు కాబట్టి ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకు రాసి, జవాబు రాతలో తెప్పించుకోండి.

ఇదంతా ఎంత పెద్ద విషయమని అడిగితే, 2023 జులైలో రాజ్ చెట్టీ, డేవిడ్ డెమింగ్, జాన్ ఫ్రీడ్‌మన్ చేసిన అధ్యయనం చూడాలి. హార్వర్డ్, యేల్ వంటి ఎనిమిది ఐవీ లీగ్ కాలేజీలతో పాటు స్టాన్‌ఫర్డ్, ఎంఐటీ, డ్యూక్, షికాగో యూనివర్సిటీలను పరిశీలించారు. పరీక్షలో ఒకే స్కోరు వచ్చినా, మధ్యతరగతి పిల్లలకంటే ఆదాయంలో పై ఒక శాతం ఇళ్ళ పిల్లలు ఈ కాలేజీల్లో చేరే అవకాశం రెట్టింపుకు పైనే అని తేలింది. ఎంపికలో వాళ్ళకు దొరికే లాభంలో అన్నిటికంటే పెద్ద వాటా లెగసీదే, సుమారు 46 శాతం. అందులో నన్ను బాగా ఆలోచింపజేసింది ఇంకొకటి. ఒక కాలేజీలో లెగసీ ఉన్న పిల్లలు, అదే స్థాయి వేరే కాలేజీకి అప్లై చేసినప్పుడు ఆ పెద్ద లాభం మాయమవుతుంది. అదే పిల్ల, అవే మార్కులు, అదే వ్యాసం. ‘లెగసీ పిల్లలు ఎలాగూ బాగా చదివేవాళ్ళే, అందుకే సీట్లొస్తున్నాయి’ అన్న వాదనకు ఇంతకంటే గట్టి జవాబు అక్కర్లేదు. వాళ్ళు బాగా చదివేవాళ్ళే కావచ్చు, కానీ ఆ అదనపు లాభం చదువుకు దక్కింది కాదు.

హార్వర్డ్ కేసు సమాచారంతో ఆర్థికవేత్తలు ఆర్కిడియాకోనో, కిన్స్లర్, రాన్సమ్ వేసిన లెక్క కూడా గుర్తుంచుకోదగ్గది. సీటొచ్చిన తెల్లజాతి పిల్లల్లో 43 శాతానికి పైగా క్రీడాకారులు, లెగసీలు, దాతల పిల్లల వంటివాళ్ళుండే డీన్ ప్రత్యేక జాబితాలోని వాళ్ళు, అక్కడి ఉద్యోగుల పిల్లలు. ఆసియా, నల్లజాతి, హిస్పానిక్ పిల్లల్లో ఏ గుంపు తీసుకున్నా ఈ వాటా 16 శాతం లోపే. అదే కేసులో 2023 జూన్ 29న సుప్రీంకోర్టు అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకోవడాన్ని కొట్టేసింది, లెగసీ జోలికి పోలేదు. ఆ తీర్పును పండగ చేసుకున్న మనవాళ్ళు చాలామంది ఈ రెండో సగాన్ని గమనించలేదని నా బాధ. లెగసీ ఆచారం వేళ్ళూనుకున్నది 1920లలో. పరీక్షల్లో నెగ్గుకొస్తున్న యూదు పిల్లల సంఖ్యను తగ్గించాలని తూర్పు తీరపు కాలేజీలు దారులు వెతికిన రోజులవి. కష్టపడి చదివి ముందుకొస్తున్న వలస పిల్లలను ఆపడానికి పనికొచ్చిన పద్ధతి గురించి మనం పట్టించుకోకుండా ఎలా ఉంటాం?

లెగసీ తీసేస్తే విరాళాలు ఆగిపోతాయని ఎప్పుడూ చెప్పే మాట. చాడ్ కాఫ్‌మన్ బృందం 2010లో వంద అగ్రశ్రేణి యూనివర్సిటీల విరాళాలు పరిశీలించి, పూర్వ విద్యార్థుల సంపదను లెక్కలోకి తీసుకున్నాక లెగసీ విధానానికీ విరాళాలకూ చెప్పుకోదగ్గ సంబంధం కనబడలేదని తేల్చింది. జాన్స్ హాప్‌కిన్స్ 2014లో లెగసీ మానేసింది. అక్కడే చదివిన మైకేల్ బ్లూమ్‌బర్గ్ 2018లో ఆర్థిక సాయం కోసం 180 కోట్ల డాలర్లు ఇచ్చారు. కొత్తగా చేరేవాళ్ళలో లెగసీ పిల్లల వాటా 2009లో 12.5 శాతం ఉండగా 2019కి 3.5 శాతానికి దిగింది. పెల్ గ్రాంటుకు అర్హులైన, అంటే తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ళ పిల్లలు 9 శాతం నుంచి 19 శాతానికి పెరిగారు. ఎంఐటీ, క్యాల్‌టెక్ ఇప్పటికే లెగసీ చూడవు. 2021లో ఆమ్‌హర్స్ట్, 2023లో వెస్లియన్, వర్జీనియా టెక్ మానుకున్నాయి.

మీరున్న రాష్ట్రం, అప్లై చేసే రాష్ట్రం చట్టం కూడా చూసుకోండి. ప్రభుత్వ కాలేజీల్లో కొలరాడో 2021లో, వర్జీనియా, ఇల్లినాయ్ 2024లో నిషేధించాయి. వర్జీనియాలో ఆ బిల్లుకు రెండు సభల్లోనూ ఒక్క వ్యతిరేక ఓటు పడలేదు. యాష్‌బర్న్, హెర్న్‌డన్ వైపు ఉన్న తెలుగు ఇళ్ళకు ఇది సూటిగా తగిలే సంగతి, యూవీఏకీ (వర్జీనియా యూనివర్సిటీకీ) విలియమ్ అండ్ మేరీకీ ఇప్పుడు లెగసీ లేదు. మేరీలాండ్ 2024లో ప్రైవేటు కాలేజీలను కూడా కలిపింది. క్యాలిఫోర్నియా చట్టం 2024 సెప్టెంబరు 30న సంతకమై 2025 సెప్టెంబరు 1 నుంచి ప్రైవేటు కాలేజీలకు వర్తిస్తోంది. జరిమానా మాత్రం లేదు, ఉల్లంఘించినవాళ్ళ పేర్లు రాష్ట్ర న్యాయశాఖ ప్రకటిస్తుందంతే. స్టాన్‌ఫర్డ్ అయితే, రాష్ట్రం విద్యార్థుల సాయానికి ఇచ్చే క్యాల్ గ్రాంటు సొమ్ము వదులుకుని లెగసీ కొనసాగిస్తానంది. చట్టం ఉందని వినగానే తీరిపోయిందనుకోకుండా ఒక్కో కాలేజీ తాజా మాట చూడాలని చెప్పేది ఇందుకే. యూసీ (యూనివర్సిటీ ఆఫ్ క్యాలిఫోర్నియా) క్యాంపసుల్లోనూ, ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీలోనూ, 2004 నుంచి టెక్సస్ ఏ అండ్ ఎమ్‌లోనూ లెగసీ చూడరు.

ఈ మధ్య మనవాళ్ళలోనే వేరే మాట వినబడుతోంది. ‘ఇన్నాళ్ళూ వాళ్ళు అనుభవించారు. ఇప్పుడు మన పిల్లలు అక్కడ డిగ్రీలు పుచ్చుకుని, వాళ్ళ పిల్లలకు లెగసీ వచ్చే వేళకు తీసేస్తారా?’ అని. నల్లజాతి పూర్వ విద్యార్థుల్లోనూ కొందరిది ఇదే బాధ, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కానీ లెక్క వేసి చూస్తే మనకు దక్కేదేమీ లేదు. లెగసీ చూసే కాలేజీల్లో ఏటా చేరే తెలుగు పిల్లల్లో తల్లిదండ్రులకు అక్కడి బీఏ ఉన్నవాళ్ళు ఇప్పటికీ కొద్దిమందే. నిన్నగాక మొన్న వచ్చి ఫ్రిస్కోలోనో ఎడిసన్‌లోనో అద్దె ఇంట్లో ఉన్న కుటుంబాలు అంతకు ఎన్నో రెట్లు. లెగసీ ఉంచమని అడగడమంటే, మన మనవల కోసం మన చుట్టాల పిల్లల దారి మూయమని అడగడమే. మనవలకు మంచి బడి, పుస్తకాలు, అడిగితే చెప్పే తల్లిదండ్రులు ఎలాగూ ఉంటారు.

ఇప్పటి చట్టాల కింద మీ పిల్లలకు లెగసీ ఉంటే దాచాల్సిన పని లేదు, అడిగిన గడిలో నిజం రాయండి. వ్యాసంలోకి మాత్రం తేవద్దు. కామన్ యాప్ వ్యాసానికి ఉన్నది 650 పదాలు. తండ్రి చదివిన హాస్టలు, తల్లి తిరిగిన లైబ్రరీ గురించి రాస్తే అందులో సగం పోతుంది, చదివేవాళ్ళకు పిల్ల గురించి తెలిసేది తక్కువ. ‘ఈ కాలేజీయే ఎందుకు’ అన్న చిన్న వ్యాసంలో కూడా ఫలానా కోర్సు, ఫలానా ల్యాబు, అక్కడ తను చేయదలుచుకున్న పని రాయించండి. లెగసీ లేని పిల్లల జాబితాలో, ‘పరిగణించం’ అన్న గడిలో టిక్కు ఉన్నవి కనీసం సగమైనా ఉండేలా చూడండి. ఎర్లీ డెసిషన్ సంతకం పెట్టదలిస్తే, ఖర్చు కట్టగలమని తేలాక, ఆ సగంలోంచే ఒకటి ఎంచుకోవడం మేలు.